ఏడో సాక్ష్యం

రేగుంటపల్లె,
లక్సెట్టిపేట తాలూకా.
22–8–1982

అక్కకు ముత్తయ్య రాయునది.

మేమందరం బాగున్నాం. వానలు ఆలస్యమైనా పడ్డాయి. చెరువు కింద ఎకరంన్నర నాటు అయిపోయింది, మిగిలిన అరెకరానికి నారు సరిపోలేదు. ఎర్ర ఆవు ఈనింది, కోడెదూడ. నీ మరదలికి మోకాళ్ల నొప్పి తగ్గలేదు. నువ్వు పంపిన నూనె సగం అయిపోయింది.

రాజమణికి టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చిన సంగతి నీకు తెలిసిందే. వచ్చే సోమవారం పెట్టె, చాప, పళ్లెం ఇచ్చి బస్సు ఎక్కిస్తాను. కరీంనగర్ బస్టాండుకు నువ్వు రావాలి. పిల్ల ఎప్పుడూ ఊరు దాటలేదు. సర్కారు హాస్టల్లో చేర్చేముందు ఒక పూట నీ దగ్గర అన్నం పెట్టు.

ఇంకొకటి రాయాలి. రాయకుండా ఉందామని నాలుగు రోజులు చూశాను.

సీటుకు ఎస్సీ అని కులం సర్టిఫికెట్ కావాలన్నారు. మనం క్రైస్తవులమని కాగితం మీద పడితే ఆ సర్టిఫికెట్ ఇవ్వరు, అది నీకు తెలుసు. తాలూకా కచేరీ నుంచి విచారణకు గిర్దావర్ వస్తాడని పట్వారీ మనిషి ముందురోజే చెప్పిపోయాడు. నేను గోడమీది సిలువ క్యాలెండర్ తీసి వడ్ల గుమ్మిలో పెట్టాను. దేవుని పుస్తకం నీ మరదలు పిడకల కింద దాచింది. నుదుట బొట్టు పెట్టుకుంది. ఇరవై ఏండ్ల అలవాటు తప్పిన చెయ్యి, బొట్టు వంకరగా పడింది. ఇదంతా మన వాడలో అందరూ చేసేదే. నేను రాస్తున్నది దాని గురించి కాదు.

గిర్దావర్ ఇల్లు చూసి, పొలం కూడా చూపించమన్నాడు. గట్టు మీద నడుస్తూ మనల్ని కన్న అవ్వ సమాధి దగ్గర ఆగాడు. "గీ సిలువ బొంద ఎవలదిరా?" అని అడిగాడు. ఆ సిలువ నేను పోసిందే. గోదావరి ఇసుక తెచ్చి పోసి, సిమెంటు తడి ఆరకముందే మొలతో 'దేవవ్వ' అని రాసింది నేనే. అప్పుడు నువ్వు పక్కన ఉన్నావు.

"ఎరుక లేదు సార్. మాది గాదు" అన్నాను.

అని, పేరు కనబడకుండా సిలువకు అడ్డంగా నిలబడ్డాను. ఆయన కాగితం మీద రాసుకొని సంతకం పెట్టేవరకు అట్లనే నిలబడ్డాను. సిలువ కొన వీపులో గుచ్చుకుంటూనే ఉంది. జరగలేదు.

సర్టిఫికెట్ మూడో రోజు వచ్చింది.

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యి.

నీ తమ్ముడు
ముత్తయ్య


కరీంనగర్
6–9–1982

తమ్ముడు ముత్తయ్యకు,

రాజమణి క్షేమంగా చేరింది. బస్సులో వాంతులు చేసుకుందట, అంతకుమించి ఏమీ లేదు. హాస్టల్లో ఆరుగురికి ఒక గది. ఆదివారాలు నా దగ్గరికి రమ్మన్నాను.

నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. నేను వార్డెన్‌గా ఉన్న ఈ మిషన్ హాస్టల్లో పొయ్యి దగ్గర ఎప్పుడూ ఇద్దరు వంటవాళ్లుంటారు. "ఏం కాలవెడుతున్నవ్ టీచరమ్మా" అని అడుగుతారు. పెట్టెలో చీరల అడుగున పెట్టాను.

సర్టిఫికెట్ తెచ్చుకున్నందుకు నాకు కోపం లేదు. బొట్టు గురించీ లేదు. 'మాది గాదు' అన్న ఆ రెండు మాటలే మింగుడు పడడం లేదు. నన్ను బడిలో చేర్చడానికి అవ్వ లక్సెట్టిపేట దాకా నడిచి వచ్చిన రోజు నీకు తెలియదు, నువ్వప్పుడు చంకపిల్లవు. పంతులు గుమ్మంలోనే ఆపి "ఈ పిల్ల ఎవరిది" అన్నాడు. "మాదే అయ్యా, నా బిడ్డ" అంది అవ్వ. ఆయనకు వినబడలేదేమోనని మళ్లీ అంది.

దసరా సెలవులకు రాలేను. ఇక్కడ పని ఉంది.

మార్తమ్మ


కరీంనగర్
10–6–1983

ముత్తయ్యకు దీవెనలు.

దసరాకు రాలేదు, క్రిస్మస్‌కూ రాలేదు. రాజమణి చేతికిచ్చిన రెండు చీటీలు తప్ప నీకేమీ రాయలేదు. ఆ సంగతి అలా ఉండనీ.

ఇది సంఘం పని మీద రాస్తున్న ఉత్తరం. ఈ వానకాలంలో మన రెండు జిల్లాల సంఘాలు చదివి మాట్లాడుకోవడానికి నాలుగు పుస్తకాలు ఎంపికచేశారు. ఎంపిక చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఊరికి ఒక్కో ప్రతి వస్తుంది. మన ఊళ్లో అచ్చు తడుముకోకుండా చదివేది నువ్వే కాబట్టి చదివే పని నీకే ఇవ్వమని బుచ్చిరాములు మామకు కూడా రాశాను.

మొదటిది 'ముంగిట్లో మోకాళ్లు'. ఇంటి ప్రార్థన గురించి. చిన్న పుస్తకం, పెద్ద అక్షరాలు. రెండోది 'రోగి మంచం పక్కన', రోగుల్ని చూడబోయినప్పుడు ఏం మాట్లాడాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో ఉంటుంది. అది నాకు బాగా నచ్చింది. మూడోది 'ఒకే పందిరి కింద', సంఘంలో తగాదాల గురించి. నా మట్టుకు కొంచెం సాగదీసినట్టుంది గాని అయ్యగార్లకు నచ్చింది. నాలుగోది కొత్తగా అచ్చవుతున్నది, 'మన పల్లెల సాక్ష్యాలు'. దేవదాసు అయ్యగారు కూర్చారు. పన్నెండు సాక్ష్యాలు, ఎవరి పేర్లూ ఉండవు. కొన్నింటికి నేనే శుద్ధప్రతి రాసిచ్చాను.

ఒక వారానికి ఒక పాఠమే చదవండి. చదివాక ఉపన్యాసం చెప్పొద్దు. ఇంటికొకరు ఒక్క మాట చెప్పాలి. ఆడవాళ్ల చేత కూడా చెప్పించు.

నాలుగోది మాత్రం కూటంలో చదవకముందు నువ్వు ఒంటరిగా ఒకసారి చదువుకో. మరచిపోవద్దు.

రాజమణికి మొదటి ఏడు పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయి. చిక్కిపోయింది.

మార్తమ్మ


రేగుంటపల్లె
18–7–1983

అక్కా,

నీ ఉత్తరం చూసి నీ మరదలు రెండుసార్లు చదివించుకుంది. పుస్తకాలు మూడు అందాయి. నాలుగోది ఆగస్టులో వస్తుందట.

కూటం నడుస్తున్నది. ఆదివారం ఆరాధన అయ్యాక, అన్నాలకు పోకముందు, గుడిలోనే. వానకు రేకుల మీద చప్పుడు ఎక్కువ. ఐలవ్వ వెనక గోడకు ఆనుకొని కూర్చుంటుంది. నేను నోరు తెరవగానే "గట్టిగ సదువు బిడ్డా, ఇనొస్తలేదు" అంటుంది. వాన లేకపోయినా అంటుంది.

ఇంటికొక మాట అంటే మొదట ఎవరూ నోరు విప్పలేదు. బుచ్చిరాములు మామ ఊరుకోడు కదా, సంఘపెద్ద. వేలుపెట్టి ఒక్కొక్కరిని చూపిస్తాడు. మొదటివాడు ఏదో ఒకటి అంటాడు. రెండోవాడు "నాకూ గంతే" అంటాడు. అక్కడినుంచి గోడ చివరిదాకా "నాకూ గంతే, నాకూ గంతే". పది నిమిషాల్లో అయిపోతుంది.

లచ్చయ్య ఒక్కడే నయం. 'తెల్లవారకముందే ముంగిట్లో మోకరించాలి' అని చదివితే లేచి, "ముంగిట్ల బర్రె ఉంటది గద. బర్రెను యాడ గట్టాలె?" అన్నాడు. అందరూ నవ్వారు. "బర్రెను గూడ మోకాళ్లేపియ్" అంది ఐలవ్వ. అతనికి అక్షరం రాదు గాని పుస్తకం అంటే ప్రాణం. చదివేటప్పుడు నా చూపుడువేలు ఎటు పోతే అతని కండ్లు అటు పోతాయి. ఇప్పటికీ గంట కొట్టేది, ఎవరు పోయినా గుంట తవ్వేది అతనే. అవ్వకూ అతనే తవ్వాడు, నీకు గుర్తుండే ఉంటుంది. రాయి తగిలితే మధ్యాహ్నం దాకా తవ్వాడు.

నాలుగోది ముందుగా చదువుకొమ్మన్నావు. అది కుదిరేటట్టు లేదు. పోయినేడు మనూరికొచ్చిన పుస్తకాన్ని ఒకరు ఇంటికి తీసుకుపోయి, చివరిదాకా చదివి బావి దగ్గర చెప్పేశారు. తర్వాతి వారం కూటానికి నలుగురే వచ్చారు. అప్పటినుంచి పుస్తకాలు ప్రభువు బల్ల రొట్టె గిన్నెల పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాడు మామ. తాళంచెవి ఆయన మొలతాడుకుంటుంది. "అందరికి ఒక్కసారే ఎరుకగావాలె, సదివెటోనికి గూడ" అన్నాడు. ఊరంతా ఒప్పుకున్న కట్టడి.

నేను తడబడతానని నీ భయం కావచ్చు. ఏడో తరగతి చదువే గాని అచ్చు ముందు తడబడను. ఫికర్ చేయకు.

ముత్తయ్య


కార్డు
కరీంనగర్, 2–8–1983

ముత్తయ్యకు. నువ్వు తడబడతావని కాదు. బుచ్చిరాములు మామ కాళ్లు పట్టుకొనైనా తాళంచెవి తీసుకో. నాలుగో పుస్తకంలో ఏడోది చూడు. కార్డు మీద ఇంతకంటే రాయరాదు. చూశాక వెంటనే జవాబు రాయి. – మార్తమ్మ


రేగుంటపల్లె
19–9–1983

అక్కా,

నీ కార్డు అందగానే మామను తాళంచెవి అడిగాను. "మీ అక్క పట్నంల ఉంటే మాత్రం మా కట్టడి తప్పాల్నా?" అన్నాడు. నువ్వు చక్కగా రాసిన సాక్ష్యం ఏదో ఉండి ఉంటుంది, నాకు ముందుగా చూపించాలని నీ ఆత్రం అనుకున్నాను. మళ్లీ అడగలేదు. ఆగస్టు మొదటి వారంలో పుస్తకం రాగానే మిగిలినవి ఆపి దాన్నే చదివించాడు మామ.

నిన్న ఆదివారం ఏడోది చదివాను.

మొదటి రెండు వాక్యాలు ఎవరివో అనుకుంటూ చదివాను. మూడో దాంట్లో వడ్ల గుమ్మి వచ్చింది. నా గొంతు ఆగింది. "గట్టిగ సదువు బిడ్డా" అంది ఐలవ్వ. చదివాను. 'మా తండ్రి సమాధిపై నున్న సిలువను చూపి అధికారి యిది ఎవరిదని అడిగెను. నేనెరుగనంటిని. ఇది మాది కాదంటిని. దానికడ్డముగా నిలిచితిని. సిలువ కొన నా వీపున గుచ్చుకొనెను.' ఆ కొన సంగతి నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నీ మరదలికి కూడా చెప్పలేదు. ఆమె ఆడవాళ్లలో కూర్చుంది. తల వంచుకొని వింటున్నది.

చివరిదాకా చదివాను. ఆపితే ఎందుకు ఆపావంటారని చదివాను.

ఎవరూ "నాకూ గంతే" అనలేదు. మామ ఎవరినీ వేలుపెట్టి చూపలేదు. తానే అన్నాడు: "పేరు లేకుంటే ఏంది, మనకెర్కలేదా? గిది లచ్చయ్య ముచ్చటే."

లచ్చయ్య నవ్వాడు, తమాషా అనుకొని. తర్వాత లేచాడు. "నేనెప్పుడన్న? మా బాపు బొంద తోవ పక్కన్నే ఉన్నది, ఊరందరికి ఎర్కే. మాది గాదని ఎట్లంట?"

"నీ కొడుక్కు కొలువు ఎట్లచ్చింది మరి? గిర్దావర్ రాలేదా మీ ఇంటికి?" అన్నారు ఎవరో. తర్వాత ఒకరి మాట ఒకరికి వినబడలేదు. ఆ సంవత్సరం గిర్దావర్ తొమ్మిది ఇండ్లకు వచ్చాడు. తొమ్మిది ఇండ్లవాళ్లూ అక్కడే ఉన్నారు. అరిచింది ఎక్కువగా వాళ్లే.

నేను పుస్తకం మూసి పెట్టెలో పెట్టాను.

నిన్నేమీ అడగడం లేదు. తల్లి కాస్తా తండ్రి ఎట్లయింది, అది ఒక్కటి చెప్పు.

ముత్తయ్య


కరీంనగర్
27–9–1983

ముత్తయ్యా,

నీ ఉత్తరం ఆఫీసు గదిలో నిలబడి చదివాను. కుర్చీ ఉంది. కూర్చోబుద్ధి కాలేదు.

ఫిబ్రవరిలో స్త్రీల కూటంలో, 'మన విశ్వాసాన్ని ఎక్కడ దాచాం' అనే మాట మీద తలా ఒకటి చెప్పమన్నారు. నా వంతు వచ్చినప్పుడు నాది చెప్పలేదు. నీది చెప్పాను. ఒక పల్లెటూరి మనిషి రాసిన ఉత్తరమని పేర్లు వదిలేసి చదివాను. ముగ్గురు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. దేవదాసు అయ్యగారి భార్య ఇంటికి పోయి ఆయనకు చెప్పింది. ఆయన పుస్తకానికి అడిగారు. ఇవ్వనని అనవచ్చు. అనలేదు. ఎంత బాగా ఉందో అన్నారు వాళ్లు, ఆ మాటకు పడిపోయాను.

నిన్నెవరూ గుర్తుపట్టకూడదని తల్లిని తండ్రిగా మార్చింది నేనే. సిమెంటు మీద పేరు సంగతి తీసేసింది నేనే. లచ్చయ్య తండ్రికి దారి పక్కన సిలువ ఉందని నాకు తట్టలేదు. చిన్నప్పుడు ఆ గట్టు మీద కూర్చొని రేగుపండ్లు తిన్నదాన్ని. అయినా తట్టలేదు.

ఇంకొకటీ దాచను. నాకు కోపం ఉండింది. నీ మాటలు నువ్వు అచ్చులో చూసుకోవాలని ఉండింది. అందరిముందు కాదు, ఒంటరిగా. మీ పెట్టె తాళం సంగతి నేనెరుగను.

బుచ్చిరాములు మామకు రాస్తాను. ఆ సాక్ష్యం లచ్చయ్యది కాదని మాత్రం రాస్తాను, ఎవరిదో రాయను. నీ జవాబు రాగానే రాస్తాను.

మార్తమ్మ


రేగుంటపల్లె
24–10–1983

అక్కా,

మామకు రాయకు. లచ్చయ్యది కాదంటే మరెవరిదని అడుగుతారు. ఈ ఊళ్లో నీకు ఉత్తరం రాసేది నేను తప్ప ఎవరున్నారు?

నీకు కోపముంటే ఊరికి వచ్చి నా ముఖం మీద అనవలసింది. ముగ్గురు ఏడ్చారని రాశావు. వాళ్లెవరో నాకు తెలియదు. నా సంగతి వాళ్లకు తెలుసు. ఇంతకంటే దాని మీద రాయను, చేసిన పని నాదే కాబట్టి.

కూటం ఆగిపోయింది. మిగిలిన ఐదు సాక్ష్యాలు పెట్టెలోనే ఉన్నాయి. లచ్చయ్య సంఘం ముందు నిలబడి ఒప్పుకునేదాకా అతనికి ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇవ్వొద్దని తీర్మానించారు. నవంబర్ నెలాఖరులో కోత పండుగకు లక్సెట్టిపేట అయ్యగారు వస్తారు, ఆ రోజు ఒప్పుకుంటే ఇస్తారట. గంట కూడా అతన్ని కొట్టనియ్యడం లేదు. తీర్మానం చేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. అది రాసింది కూడా నేనే, చేతిరాత బాగుంటుందని.

బావి దగ్గర ఐలవ్వ నీ మరదలితో అందట: "నేను గూడ ఆనాడు బొట్టు పెట్టుకున్న. లచ్చయ్యనే ఎందుకు పట్టుకున్నరో." అని బిందె ఎత్తుకొని పోయిందట. గుడిలో మాత్రం అనలేదు.

పోయిన బుధవారం మధ్యాహ్నం కల్లం దగ్గర ఒక్కణ్ణే ఉంటే లచ్చయ్య వచ్చాడు. కూర్చున్నాడు. చాలాసేపు గడ్డిపోచ నమిలాడు.

"తమ్మీ, నేను అన్ననేమో" అన్నాడు.

"ఏమని?"

"గదే. మాది గాదని. ఆ దినం పొద్దుగాల జర తాగి ఉంటి. గిర్దావర్ ఏమడిగిండో, నేనేమన్ననో పురాగ యాదికొస్తలే. పుస్తకంల అచ్చు గొట్టిండ్రంటే ఉత్తగనే కొట్టరు గద?"

నేను అప్పుడు చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. రాజమణి సీటు యాదికొచ్చింది. కోపం మీద ఉన్న ఊరు, ఎవరన్నా ఒక్క కార్డు రాసి కచేరీకి పడేస్తే చాలు. రాజమణి సంగతి నిజమే గాని, అది లేకపోయినా చెప్పేవాణ్ణో లేదో నాకు తెలియదు.

"కోత పండుగనాడు ఒప్పుకుంట. రొట్టె లేకుంట ఎన్ని దినాలుంటనే? గని ఎట్లనాలెనో నాకు రాదు. నువ్వు సదివినవు గద, నీకు నోటికొస్తది. జర చెప్పు" అన్నాడు.

చెప్పాను అక్కా. నేను ఒక్కో మాట అంటుంటే అతను వెనక అన్నాడు. మాది కాదంటిని. దానికడ్డముగా నిలిచితిని. 'గుచ్చుకొనెను' దగ్గర నోరు తిరగలేదు, మూడుసార్లు చెప్పించాను. పోతూ పోతూ, "మీ అవ్వ ఉంటే నన్ను ఏమంటుండెనో" అన్నాడు. అవ్వను అతను చిన్నవ్వా అని పిలిచేవాడు.

నాకు అన్నం సయిస్తలేదు. నీ మరదలు జ్వరమనుకుంటున్నది.

ముత్తయ్య


కరీంనగర్
9–11–1983

ముత్తయ్యా,

దీంతోపాటు నీ పాత ఉత్తరం పెట్టాను. పోయినేడు పొయ్యిలో వెయ్యమన్నావు. అప్పుడే వేసి ఉంటే ఇదంతా లేదు. నాకు దాన్ని ఉంచుకునే ముఖం లేదు. నీది నీకే పంపుతున్నాను. ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

రాజమణికి చెప్పాను. చెప్పకుండా నిర్ణయం మన ఇద్దరమే చేయడం బాగుండదు. గోడవైపు తిరిగి కూర్చుంది. సీటు పోతే పోనీ అనలేదు. పోవద్దనీ అనలేదు. "నన్ను అడగద్దు అత్తా" అంది. సాయంత్రం హాస్టల్‌కు పోయేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "లచ్చయ్య పెదబాపు నాకు గంట కొట్టుడు నేర్పిండు" అంది. అంతే.

దేవదాసు అయ్యగారితో, ఏడో సాక్ష్యంలో నేను మార్పులు చేశానని, వాటివల్ల ఒక అమాయకుడి మీద నింద పడిందని చెప్పాను. ఆయన రెండో అచ్చులో తీసేద్దామన్నారు. రెండో అచ్చు ఎప్పుడో తెలియదు.

నీకు సలహా చెప్పే అర్హత నాకు లేదు. చెప్పడం లేదు.

మార్తమ్మ


రేగుంటపల్లె
28–11–1983

అక్కా,

పాత ఉత్తరం అందినప్పుడు, కాల్చెయ్యి, నోరు మూసుకో అని పంపావనుకున్నాను. పొయ్యి దాకా తీసుకుపోయాను కూడా. నీ మరదలు రొట్టెలు కాలుస్తున్నది, "ఏంది అది" అంది. ఇచ్చాను. చదవడం రాదు కదా, చదివి వినిపించమంది. వినిపించాను. రొట్టె మాడింది. "నేను ఇంట్ల దాస్తి, నువ్వు బయట దాస్తివి" అంది.

నిన్న కోత పండుగ. కొత్త వడ్ల కట్టలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టారు. ఐలవ్వ చిక్కుడుకాయలు తెచ్చింది. లక్సెట్టిపేట అయ్యగారు ప్రసంగం అయ్యాక, ఒప్పుకునేవాళ్లు లేవండి అన్నారు. లచ్చయ్య లేచాడు. ఉతికిన ధోవతి కట్టుకొని వచ్చాడు. చేతులు కట్టుకొని, అప్పచెప్పే పిల్లవానిలెక్క మొదలుపెట్టాడు. గిర్దావర్ వచ్చుట చెప్పాడు. సిలువ చూపి అడుగుట చెప్పాడు. "నేనెరుగనంటిని" అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. గుర్తు రాలేదు. ఇటు అటు చూసి, నా దిక్కు తిరిగి, అందరికీ వినబడేటట్టు అడిగాడు:

"తమ్మీ, దాని తర్వాత ఏముండె?"

అందరూ నన్ను చూశారు. అందించడానికి నోరు తెరిచాను కూడా. 'ఇది' అనేదాకా వచ్చింది.

ఉత్తరం అంగీ జేబులోనే ఉంది. చదవాలని పెట్టుకున్నానా అంటే చెప్పలేను. ఇంట్లో ఉంచడానికి భయమై పెట్టుకున్నాను. తీసి లేచి నిలబడ్డాను. పుస్తకం చదివినట్టే చదివాను, నాకు ఇంకో తీరు రాదు. 'అక్కకు ముత్తయ్య రాయునది' అనగానే ముందు వరసల్లో తెలిసిపోయింది. చెరువు కింది నాటు, ఎర్ర ఆవు, అన్నీ చదివాను, ఏదీ వదలలేదు. 'ఇంకొకటి రాయాలి' దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. వాన లేదు, ఏ చప్పుడూ లేదు. ఐలవ్వ మాత్రం వెనకనుంచి, "గట్టిగ సదువు బిడ్డా" అంది. ఈసారి నిజంగానే వినబడి ఉండదు.

గట్టిగా చదివాను. దేవవ్వ పేరు చదివాను. మాది గాదన్నది చదివాను. 'పొయ్యిలో వెయ్యి' దాకా చదివి కూర్చున్నాను.

అయ్యగారు రొట్టె మీద గుడ్డ కప్పి నిలబడిపోయారు. బుచ్చిరాములు మామకు ఏం చేయాలో తోచలేదు. తోచక, అలవాటుకొద్దీ, ఇంటికొక మాట అడగడం మొదలుపెట్టాడు. వేలు ఐలవ్వ దిక్కు పెట్టాడు.

"నాకూ గంతే" అంది ఐలవ్వ.

ఎవరూ నవ్వలేదు. పక్క ఇంటాయన అన్నాడు. తర్వాతాయన అన్నాడు. గిర్దావర్ వచ్చిన తొమ్మిది ఇండ్లలో మాది, లచ్చయ్యది పోగా ఆరిండ్లు అన్నాయి. ఒకరు అనలేదు, లేచి బయటికి పోయారు. మామ వేలు లచ్చయ్య దగ్గరికి వచ్చింది. అతను ఇంకా నిలబడే ఉన్నాడు, చేతులు కట్టుకొనే.

"నాకు గట్ల గాదు" అన్నాడు. "మా బాపు బొంద మాదే. గిర్దావర్ అడిగిండో లేదో యాదికి లేదు గని, అడిగితే మాదే అందును."

అయ్యగారు గుడ్డ తీశారు. లచ్చయ్య మొదట పోయాడు. నేను పోలేదు. నీ మరదలు కూడా పోలేదు, నా కోసమో, ఆమె కోసమో తెలియదు.

ఆరాధన అయ్యాక మామ నా చేతిలోని ఉత్తరం అడిగి తీసుకున్నాడు. సాక్ష్యాల పుస్తకంలో ఏడోదాని దగ్గర పెట్టి పెట్టెకు తాళం వేశాడు. చించుతాడేమో అనుకున్నాను. ఇక చదివే పని నాకు వద్దని చెప్పాను. మిగిలిన ఐదు ఎవరు చదువుతారో తెలియదు. రాజమణి సెలవులకు వస్తే చదువుతుందేమో అంది నీ మరదలు. పిల్ల ఆ గుడిలో అందరి ముందు నిలబడగలదో లేదో నువ్వే చూసి చెప్పు. సీటు సంగతి ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు. అంటే నీకు కార్డు రాస్తాను.

సాయంత్రం లచ్చయ్య ఇంటికి పోయాను. గంట తాడు మళ్లీ అతనికే ఇచ్చారు. తెగినచోట ముడి వేస్తున్నాడు. బర్రె పక్కనే కట్టేసి ఉంది. కూర్చొమ్మనలేదు. "అన్నా, నన్ను నాలుగు తిట్టు" అన్నాను. తలెత్తలేదు.

"అన్నవంటే అన్నవు, భయానికి అంటరు. అందరంటరు" అన్నాడు. ముడి లాగి చూశాడు. "కల్లంల కూసోబెట్టి నాకు నేర్పితివి గద, తమ్మీ. నోరు తిరగకుంటే మల్ల మల్ల చెప్పిస్తివి."

కొంతసేపు నిలబడ్డాను. అతను రెండో ముడి వేయడం మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చాను.

ముత్తయ్య